తండ్రిని దించిన దేవుడికి కొడుకు భయం

బాబిలోన్ సృష్టి కథలో మొదటి హత్యకు కారణం నిద్ర పట్టకపోవడం.

అప్పటికి ఆకాశానికి పేరు లేదు, నేలకు పేరు లేదు. ఉన్నవి రెండు నీళ్లు. మంచినీటి అప్సు, ఉప్పునీటి తియామత్. ఆ నీళ్లు కలిసిన చోట దేవతలు పుట్టారు, వాళ్లకు పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకూ పిల్లలు పుట్టారు. కుర్ర దేవతలంతా ఒకచోట చేరి గంతులేస్తూ ఒకటే గోల. ఆ గోలంతా తియామత్ కడుపులోనే. ఆమె ఓర్చుకుంది, అప్సు ఓర్చుకోలేకపోయాడు. పగలు విశ్రాంతి లేదు, రాత్రి నిద్ర లేదు, వీళ్లను మట్టుబెడితే గానీ మనం హాయిగా పడుకోలేం అని భార్యతో అన్నాడు. తియామత్ మండిపడింది. మనం కన్నవాళ్లను మనమే ఎలా చంపుకుంటాం, వాళ్ల పద్ధతి ఎంత బాధపెట్టినా ఓపిక పడదాం అంది. ముమ్ము అనే మంత్రి మాత్రం అప్సును ఎగదోశాడు. సంగతి పిల్లల చెవిన పడింది. అందరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. వాళ్లలో అందరికన్నా తెలివైన ఎయా మంత్రం చదివి అప్సును గాఢనిద్రలోకి పంపాడు. కిరీటం తీసుకున్నాడు, తేజస్సు తీసుకున్నాడు, ప్రాణం తీశాడు. ఆ తర్వాత అప్సు మీదే ఇల్లు కట్టుకున్నాడు. బాబిలోన్ దేవుడు మార్దుక్ పుట్టింది ఆ ఇంట్లోనే.

ఏడు మట్టి పలకల మీద, సుమారు వెయ్యి పంక్తుల్లో ఉన్న ఈ కావ్యాన్ని అందులోని తొలి మాటలతోనే ‘ఎనూమా ఎలిష్’ అంటారు. నినెవేలో అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయ శిథిలాల్లో దొరికిన పలకల ఆధారంగా జార్జ్ స్మిత్ 1876లో దీన్ని ఆధునిక ప్రపంచానికి పరిచయం చేశాడు. అప్పటినుంచీ అందరినీ వెంటాడుతున్న సంగతి ఒకటుంది. పాత దేవతలను కొత్త దేవతలు పడగొట్టే కథ బాబిలోన్‌ది ఒక్కటే కాదు. ఇప్పటి టర్కీలోని హిట్టైట్లకూ ఉంది, గ్రీకులకూ ఉంది, సిరియా తీరంలో మరో రూపంలో ఉంది. మన ఋగ్వేదంలో కూడా దాని జాడలు ఉన్నాయి.

వీటిని చదవగానే తండ్రీకొడుకుల మధ్య ఎప్పుడూ ఉండే గొడవే గదా అనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రం ప్రచారంలోకి వచ్చాక ఆ కోణం మరీ బలపడింది. నాకు మాత్రం అది సగం సమాధానంగానే కనిపిస్తుంది. ఈ కథలు చెప్పినవాళ్లు ఎవరు? చివర్లో గెలిచిన దేవుడి భక్తులు. ఆ దేవుడికి గుడి ఉంది, పూజారులు ఉన్నారు, ఆయన పేరు మీద రాజు పాలిస్తున్నాడు. ఆయన గద్దె ఎలా ఎక్కాడో చెప్పాలంటే పాతవాళ్లను దించి ఎక్కాడని చెప్పాలి. అలా చెప్పిన మరుక్షణం ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. తండ్రిని దించడం కుదిరే పనే అయితే, రేపు ఈయన కొడుకు ఈయన్ని ఎందుకు దించడు? పోరాటాలు, రాక్షసులు, కోసివేతలు, మింగడాలు అన్నీ దాటుకుని వెళితే ప్రతి కథా చివరికి ఈ ప్రశ్న దగ్గరే ఆగుతుంది. ఒక్కో ఊరు ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబుల్లోనే ఆ ఊరి రాజకీయం ఉంది.

పానపాత్ర పట్టుకున్నవాడు

హిట్టైట్ల రాజధాని హత్తుషా మధ్య టర్కీలోని బోఅజ్‌కాలే దగ్గర ఉంది. 1906లో మొదలైన తవ్వకాల్లో అక్కడ వేలకొద్దీ పలకలు బయటపడ్డాయి. వాటిలో కుమర్బి అనే దేవుడి కథలు కొన్ని ఉన్నాయి. అసలు ఇవి హిట్టైట్లకు పొరుగున ఉండిన హుర్రియన్లు అనే జాతి కథలు, హిట్టైట్ భాషలోకి వచ్చాయి. మనకు దొరికిన ప్రతులు క్రీ.పూ. 14, 13 శతాబ్దాలవి.

కథ ఇలా నడుస్తుంది. మొదట అలాలు స్వర్గంలో రాజు. అనూ అతని ముందు నిలబడి పానపాత్ర అందించేవాడు, కాళ్లకు మొక్కేవాడు. తొమ్మిదేళ్లు గడిచాయి. తొమ్మిదో ఏట అనూ తిరగబడ్డాడు. అలాలు ఓడిపోయి చీకటి భూమిలోకి దిగిపోయాడు. ఇప్పుడు అనూ రాజు, కుమర్బి పానపాత్ర అందిస్తున్నాడు. మళ్లీ తొమ్మిదేళ్లు, మళ్లీ తిరుగుబాటు. అనూ పక్షిలా ఆకాశంలోకి ఎగిరాడు. కుమర్బి అతని కాళ్లు పట్టుకుని కిందికి లాగి, పురుషాంగాన్ని కొరికి మింగేశాడు. మింగి పకపకా నవ్వాడు. అంత సంబరపడకు అన్నాడు అనూ. నీ కడుపులో నేను బరువు పెట్టాను, ఉరుముల దేవుడితో, టైగ్రిస్ నదితో, తష్మిషుతో నువ్వు నిండి ఉన్నావు అన్నాడు. కుమర్బి ఉమ్మేశాడు గానీ అంతా బయటికి రాలేదు. మగవాడి కడుపున ఉరుముల దేవుడు తెషుబ్ పెరిగి, పుట్టి, తర్వాత రాజయ్యాడు.

చాలా సంక్షిప్త కథనాల్లో ఇక్కడ ఒక పొరపాటు కనిపిస్తుంది. కుమర్బిని అనూ కొడుకని రాసేస్తుంటారు. పలక మీద ఉన్నది వేరు. కుమర్బి అలాలు సంతానం. అంటే ఇది ఒకే ఇంట్లో తండ్రి, కొడుకు, మనవడు ఒకరినొకరు దించుకున్న కథ కాదు. రెండు వంశాలు వంతులవారీగా గద్దె లాక్కున్నాయి. అలాలుది ఒక వంశం, అనూది మరొకటి, కుమర్బి మళ్లీ అలాలు వంశం. ఈ లాగులాటకు కథ కనిపెట్టిన పరిష్కారం తెషుబ్ పుట్టుక. బీజం అనూది, గర్భం కుమర్బిది. రెండు వంశాల రక్తమూ తెషుబ్‌లో ఉంది. మింగడం, మగవాడు కనడం వింతగా అనిపించినా దాని వెనకున్న లెక్క చాలా సూటిగా ఉంది. ఇకమీదట గద్దె మాది అని ఏ వంశమూ అనలేదు.

పానపాత్ర సంగతి కూడా ఊరికే వచ్చింది కాదు. రాజు తాగేదాన్ని చేతికి అందించేవాడు రాజుకు అందరికన్నా దగ్గరగా, ఆయుధం అవసరం లేనంత దగ్గరగా ఉంటాడు. క్రీ.పూ. 1595 ప్రాంతంలో బాబిలోన్ దాకా వెళ్లి కొల్లగొట్టి వచ్చిన హిట్టైట్ రాజు మొదటి ముర్షిలిని ఇంటికొచ్చాక చంపించినవాడు హంతిలి. అతను రాజుగారి పానపాత్ర అధికారే. అంతకు చాలా ముందు అక్కాద్ సామ్రాజ్యాన్ని స్థాపించిన సర్గోన్ కూడా కిష్ రాజు ఉర్‌జబాబాకు పానపాత్ర అందించినవాడేనని సుమేరు రాజుల జాబితా చెబుతుంది. హత్తుషాలో ఈ కథను పాటగా విన్నవాళ్లకు తొమ్మిదో ఏట ఏం జరగబోతోందో ముందే అర్థమై ఉంటుంది.

హంతిలి హత్యతో మొదలైన రక్తపాతం తరాల తరబడి సాగింది. క్రీ.పూ. 1500 ప్రాంతంలో తెలిపిను అనే రాజు దాన్ని ఆపాలని ఒక శాసనం చేశాడు. ఎవరు ఎవర్ని చంపారో వరుసగా చెప్పి, చివర్లో నియమం పెట్టాడు. పట్టపు రాణి కొడుకు రాజు కావాలి. లేకపోతే రెండో స్థాయి భార్య కొడుకు. కొడుకులే లేకపోతే పట్టపు రాణి కూతురి భర్త. దేవతల పాట ఏ చిక్కును విప్పాలని చూసిందో ఆ చిక్కునే ఈ శాసనమూ విప్పాలని చూసింది.

అయితే తెషుబ్ గద్దె చివరిదాకా గట్టిపడదు. కుమర్బి ఊరుకోడు. ఒక బండరాయితో కలిసి ఉల్లికుమ్మి అనే రాతి కొడుకును కంటాడు. భూమినీ ఆకాశాన్నీ మోసే ఉపెల్లూరి భుజం మీద ఆ బిడ్డను రహస్యంగా నిలబెడతారు. కళ్లు లేవు, చెవులు లేవు, పెరగడం ఒక్కటే దానికి తెలుసు. సముద్రంలోంచి పెరిగి పెరిగి ఆకాశాన్ని తాకుతుంది. అందాల దేవత వచ్చి పాడినా అది వినదు. బాబిలోన్ కథలో కనిపించిన ఎయానే ఇక్కడా వెళ్లి ఉపెల్లూరిని అడిగితే అతనిచ్చే జవాబు ఈ కథలన్నిటిలో నాకు బాగా నచ్చినది. నా మీద భూమ్యాకాశాలను కట్టినప్పుడు నాకేమీ తెలియలేదు. వాటిని రాగి కత్తితో కోసి వేరుచేసినప్పుడూ తెలియలేదు. ఇప్పుడు నా కుడి భుజం మీద ఏదో నొప్పిగా ఉంది, ఎవరో ఆ దేవుడు తెలియదు అంటాడు. గద్దెల కోసం ఇంత యుద్ధం జరుగుతుంటే, మొత్తం భారం మోస్తున్నవాడికి అది భుజం నొప్పిగా మాత్రమే తెలుస్తోంది. ఎయా ఆ పాత రాగి కత్తినే బయటికి తీయించి ఉల్లికుమ్మిని పాదాల దగ్గర కోయమంటాడు.

మింగిన తండ్రి, మింగిన కొడుకు

ఆ కత్తిని గుర్తుపెట్టుకుని గ్రీకు కథలోకి వెళ్దాం. క్రీ.పూ. 700 ప్రాంతంలో బియోషియాలోని ఆస్క్రా అనే పల్లెలో ఉన్న హెసియడ్ దేవతల పుట్టుకను వెయ్యి పంక్తులకు కాస్త ఎక్కువగా పాడాడు. అందులో ఆకాశ దేవుడు యురేనస్, భూదేవి గైయా. పుట్టిన బిడ్డలను వెలుగులోకి రానివ్వకుండా యురేనస్ గైయా లోపలికే కుక్కేస్తుంటాడు. నొప్పి భరించలేక ఆమె కొడవలి తయారుచేసి పిల్లల్ని పిలుస్తుంది. అందరూ భయపడితే చిన్నవాడు క్రోనోస్ ముందుకొస్తాడు. రాత్రి ఆకాశం భూమి మీదికి వంగినప్పుడు మాటువేసి తండ్రి అంగాన్ని కోసి పారేస్తాడు. నెత్తుటి చుక్కల్లోంచి పగ తీర్చే దేవతలు పుడతారు, సముద్రపు నురుగులోంచి ప్రేమ దేవత ఆఫ్రొడైటీ పుడుతుంది.

క్రోనోస్‌కు ఇప్పుడు తన వంతు భయం. కొడుకు చేతిలో ఓడిపోతావని తల్లిదండ్రులే చెప్పారు. అందుకని హెస్టియా, డెమీటర్, హేరా, హేడీజ్, పొసైడన్ అనే అయిదుగురు బిడ్డల్నీ పుట్టినవాళ్లను పుట్టినట్టు మింగేశాడు. ఆరోవాడు జ్యూస్ పుట్టినప్పుడు తల్లి రేయా అతన్ని క్రీట్ ద్వీపంలో దాచి, గుడ్డలో చుట్టిన రాయిని భర్త చేతికిచ్చింది. దాన్నీ మింగాడు. తర్వాత కక్కినప్పుడు ముందు బయటికొచ్చింది ఆ రాయే.

ఇక్కడ హత్తుషా పలకలతో పోలికలు దాచినా దాగవు. ఆకాశ దేవుడి అంగం తెగిపోతుంది, తర్వాతి రాజు మింగుతాడు, ఉరుముల దేవుడు చివరి విజేత అవుతాడు. కుమర్బి కథలో కూడా రాయి ఉంది. బిడ్డను తినాలనుకున్న కుమర్బికి నల్లరాయి ఇస్తే పంటికింద పడి నొప్పితో ఏడుస్తాడు. పలక అక్కడక్కడా విరిగినా, ఆ రాయికి ఉన్నవాళ్లు పశువుల్నీ లేనివాళ్లు పిండినీ నైవేద్యం పెట్టాలనే మాట కనిపిస్తుంది. గ్రీకుల రాయిని జ్యూస్ డెల్ఫీలో ప్రతిష్ఠించాడని హెసియడ్ అంటాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు దాన్ని చూశాడు. మరీ పెద్ద రాయి కాదనీ, రోజూ దానిమీద నూనె పోస్తారనీ, పండగలప్పుడు వడకని ఉన్ని కప్పుతారనీ రాశాడు.

గ్రీకు, సంస్కృతం దగ్గరి చుట్టాలైన భాషలు కాబట్టి ఈ కథ కూడా ఆ పాత ఉమ్మడి మూలం నుంచే వచ్చిందనుకోవడం సహజం. కానీ హుర్రియన్ భాషకు ఆ కుటుంబంతో చుట్టరికం లేదు. ఈ కథ ఇరుగుపొరుగు నుంచి చేతులు మారుతూ గ్రీసు చేరిందని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దానికి సాక్ష్యంలా ఒక కొండ నిలబడి ఉంది. టర్కీ, సిరియా సరిహద్దులో సముద్రం ఒడ్డునే సుమారు 1,700 మీటర్లు లేచిన ఆ కొండ ఇప్పటి పేరు జెబెల్ అక్రా. తెషుబ్ ఉల్లికుమ్మిని మొదటిసారి చూసి కన్నీళ్లు పెట్టుకున్నది దాని మీదినుంచే. అప్పుడు దాన్ని హజ్జి అనేవారు. దాని పక్కనే ఉన్న ఉగారిత్ నగరవాసులకు అది బాల్ దేవుడి నివాసం. గ్రీకులకు అది కాసియోస్ కొండ. జ్యూస్ టైఫోన్ అనే భయంకర రాక్షసుడిని తరిమింది అక్కడికేనని తర్వాతి గ్రీకు కథనం. మూడు జాతుల ఉరుముల దేవుళ్లూ ఒకే కొండ మీద నిలిచారు. ఓడల మీద వచ్చిపోయే గ్రీకు వర్తకులకు ఆ కొండ బాగా తెలిసినదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. జ్యూస్ పదేళ్లు యుద్ధం చేసి, క్రోనోస్ తరం దేవతలైన టైటన్లను పాతాళంలోకి నెట్టాడు. వందేసి చేతులున్న ముగ్గురిని చెరనుంచి విడిపించి తనవైపు తిప్పుకున్నాడు. గెలిచాక ఎవరి వాటా వాళ్లకు పంచాడు. ఇదంతా చేసినా తాత బాట, తండ్రి బాట అతని ముందూ ఉంది. మొదటి భార్య మెటిస్ గర్భవతి. ముందు తెలివైన కూతురు పుడుతుంది, తర్వాత దేవతలకూ మనుషులకూ రాజయ్యే కొడుకు పుడతాడని గైయా, యురేనస్ చెప్పారు. యురేనస్ బిడ్డల్ని తల్లి కడుపులోకి తోశాడు, తల్లి ఎదురుతిరిగింది. క్రోనోస్ బిడ్డల్ని తన కడుపులో పెట్టుకున్నాడు, తల్లి మోసం చేసింది. రెండుసార్లూ ఓటమి తల్లి వైపు నుంచే వచ్చింది. జ్యూస్ ఏకంగా తల్లినే మింగేశాడు. కూతురు ఎథీనా అతని తలలోంచి పుట్టింది, తండ్రి పక్షాన నిలిచింది. ఆ కొడుకు మాత్రం పుట్టలేదు.

గ్రీకులు దీన్ని జ్యూస్ వివేకంగా చెప్పుకున్నారు. చదివే నాకు మాత్రం మెటిస్ మీదే మనసు పోతుంది. ఆమె చేసిన తప్పేమీ లేదు. వంశంలో పోరు ఆగాలంటే ఆమె కనిపించకుండా పోవాలి, కథ ఆ ధరను ఒక్క మాటలో చెల్లించేసింది. ఈ వరసలో గైయాను కూడా గమనించాలి. భర్త మీద కొడుకును ఎగదోసింది ఆమే, ఆ కొడుకు మీద మనవడికి సాయం చేసింది ఆమే, జ్యూస్ మీదికి వచ్చిన టైఫోన్‌ను కన్నదీ ఆమే, చివరికి జ్యూస్‌ను రాజుగా ఎంచుకోమని దేవతలకు సలహా ఇచ్చిందీ ఆమే. ప్రతి తరంలోనూ గద్దె మారడం ఆమె మాట మీదే ఆధారపడింది, గద్దె మీద మాత్రం ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

పుట్టకుండా ఆగిన ఆ కొడుకు భయం గ్రీకులను తర్వాత కూడా వదల్లేదు. సముద్ర కన్య థెటిస్‌ను జ్యూస్, పొసైడన్ ఇద్దరూ కోరుకున్నారనీ, ఆమెకు పుట్టేవాడు తండ్రిని మించిపోతాడని తెలిసి వెనక్కి తగ్గారనీ క్రీ.పూ. 5వ శతాబ్దపు కవి పిండార్ పాడాడు. ఆమెను పీలియస్ అనే మనిషికిచ్చి పెళ్లి చేశారు. వాళ్ల కొడుకు అకిలీజ్. దేవతల్లో రాజు కావలసినవాడు మనిషిగా పుట్టి ట్రాయ్ యుద్ధంలో చనిపోయాడు.

సభలో కుదిరిన ఒప్పందం

బాబిలోన్ జవాబు పూర్తిగా వేరే దారిలో నడిచింది. మార్దుక్ పుట్టాక తాత అనూ అతనికి ఆడుకోవడానికి నాలుగు గాలుల్ని ఇచ్చాడు. ఆ గాలులు తియామత్‌ను కలచివేశాయి. నిద్ర కరవైన ముసలి దేవతలు ఆమె దగ్గరికి వచ్చి దెప్పారు. నీ భర్తను చంపినప్పుడు ఊరుకున్నావు, ఇప్పుడు మా గతేంటి అన్నారు. పిల్లల్ని చంపొద్దని వేడుకున్న ఆ తల్లే పదకొండు రకాల భూతాలను కని, కింగు అనేవాడిని సేనాపతిగా చేసి, అందరి రాతా ఉండే విధి పలకను అతని రొమ్మున కట్టింది. ఈ మార్పు నాకు ఈ కావ్యంలో అన్నిటికన్నా బాధ కలిగించే చోటు. కవి ఆమెను మొదట్లో అంత దయగా చూపించకపోయి ఉంటే, తర్వాత ఆమెను రాక్షసిగా చూడటం మనకు తేలికయ్యేది.

ఎయా వెళ్లి భయపడి తిరిగొచ్చాడు. అనూ వెళ్లి తిరిగొచ్చాడు. అప్పుడు మార్దుక్ ముందుకొచ్చి షరతు పెట్టాడు. మీ తరఫున నేను పోరాడాలంటే సభ పెట్టండి, ఇకమీదట విధిని రాసేది నా మాట కావాలి, నేను చేసింది ఎవరూ మార్చకూడదు. దేవతలు చేరారు. ఒకరినొకరు ముద్దుపెట్టుకున్నారు, రొట్టె తిన్నారు, బీరు తాగారు, ఒంట్లో బరువు దిగి హాయిగా ఉన్నప్పుడు అధికారం రాసిచ్చేశారు. పరీక్షగా ఒక నక్షత్రరాశిని మాటతో మాయం చేయించి, మాటతోనే మళ్లీ రప్పించారు. ఆ తర్వాతే యుద్ధం. తియామత్ నోరు తెరవగానే చెడుగాలిని లోపలికి తోసి, ఉబ్బిన కడుపులోకి బాణం వేశాడు. ఆమె శరీరాన్ని ఎండబెట్టే చేపను చీల్చినట్టు రెండుగా చీల్చి ఒక సగాన్ని ఆకాశంగా పరిచాడు. ఆమె కళ్లలోంచి యూఫ్రటీస్, టైగ్రిస్ నదులు పారాయి.

మార్దుక్ తన తండ్రిని చంపలేదు, దించలేదు. తండ్రి ఎయా, తాత అనూ, ముత్తాత అన్షార్ అందరూ బతికే ఉండి, వాళ్ల చేతులతోనే అధికారం అప్పగించారు. కావ్యం చివర్లో దేవతలు అతనికి యాభై పేర్లు పెడతారు. వాటి ముగింపులో ఎయా సంతోషం పట్టలేక, వాడి పేరు కూడా నా పేరులాగే ఎయా కావాలి, నా కర్మకాండలన్నీ వాడి చేతిలో ఉండాలి అంటాడు. ఒకప్పుడు అప్సు కిరీటం లాక్కున్నవాడు ఇప్పుడు తన పేరే కొడుక్కి ఇచ్చేస్తున్నాడు. గద్దె మారడానికి హత్య అవసరం లేదని చూపించడమే బాబిలోన్ కవి సాధించింది. ఈ కావ్యం క్రీ.పూ. 12వ శతాబ్దం చివర, బాబిలోన్ రాజు మొదటి నెబుకద్‌నెజర్ ఏలాం (ఇప్పటి ఇరాన్ నైరుతి ప్రాంతం) నుంచి మార్దుక్ విగ్రహాన్ని తిరిగి తెచ్చిన కాలానిదని చాలామంది అనుకుంటారు. పాత నగరాల పాత దేవతలను అవమానించకుండా బాబిలోన్ దేవుడిని అందరికీ పైన కూర్చోబెట్టాల్సిన అవసరం అప్పుడే వచ్చింది.

ఈ రాజీకి ఖర్చు భరించినవాళ్లు వేరే ఉన్నారు. ఓడిన కింగును చంపి, అతని రక్తంతో ఎయా మనిషిని చేశాడు. దేవతలు చేసే చాకిరీ ఇక మనిషి చేయాలి, దేవతలు విశ్రాంతి తీసుకోవాలి. అప్సు అడిగిన విశ్రాంతి చివరికి మనిషి వీపు మీద దొరికింది.

ఏటా కొత్త సంవత్సరం పండగలో, నిసన్ను నెల నాలుగో రోజు సాయంత్రం పూజారి మార్దుక్ విగ్రహం ముందు ఈ కావ్యాన్ని చదివేవాడు. మర్నాడు రాజును గుడిలోకి తీసుకెళ్లి రాజచిహ్నాలన్నీ తీసేసి, చెంప మీద కొట్టి, చెవి పట్టి లాగి, దేవుడి ముందు మోకరిల్లించేవాడు. నేను బాబిలోన్‌ను నిర్లక్ష్యం చేయలేదని రాజు చెప్పుకోవాలి. ఆ తర్వాత చిహ్నాలు తిరిగి ఇచ్చి మళ్లీ చెంప మీద కొట్టేవాడు. కళ్లలో నీళ్లొస్తే మార్దుక్ సంతోషించాడని అర్థం, రాకపోతే శత్రువు వచ్చి రాజును కూల్చేస్తాడు.

ఉగారిత్‌లో మూడో దారి కనిపిస్తుంది. 1929 నుంచి అక్కడ దొరికిన పలకల్లో ముసలి దేవుడు ఎల్ ఎక్కడికీ పోలేదు. కుర్ర దేవుడు బాల్ సముద్రుడు యమ్మును ఓడించి వీరుడయ్యాడు గానీ, ఇల్లు కట్టుకోవడానికి ఎల్ అనుమతి కావాలి. అది కూడా ఎల్ భార్య అథిరాత్ వెళ్లి మాట్లాడితేనే వస్తుంది. బలం కొడుకు తరానిది, సంతకం పెద్దాయనది.

ఋగ్వేదంలో మిగిలిన మాటలు

మనకు దేవతల మధ్య తరాల పోరు ఇంత వరసగా చెప్పే కథ లేదు. దేవాసురుల యుద్ధం సవతి అన్నదమ్ముల యుద్ధం. కశ్యపుడికి అదితి పిల్లలు దేవతలు, దితి పిల్లలు దైత్యులు. బృహదారణ్యకోపనిషత్తు కూడా ఇద్దర్నీ ప్రజాపతి సంతానంగానే చెబుతుంది. దేవతలు చిన్నవాళ్లు, అసురులు పెద్దవాళ్లు అంటుంది. ఆ మాటకు దేవతలు తక్కువమంది, అసురులు ఎక్కువమంది అని అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు.

కానీ ఋగ్వేదంలో కొన్ని చోట్ల పాత గాయం లాంటిది తగులుతుంది. నాలుగో మండలం 18వ సూక్తంలో ఇంద్రుడిని నేరుగా అడుగుతారు. నీ తల్లిని విధవను చేసిందెవరు, నీ తండ్రిని కాళ్లు పట్టుకుని నలిపేసినప్పుడు ఏ దేవుడు నీకు తోడున్నాడు అని. జవాబు లేదు, కథ లేదు, ప్రశ్న ఉంది. పదో మండలం 124వ సూక్తంలో ఒక దేవుడు ‘ఇంద్రం వృణానః పితరం జహామి’ అంటాడు. ఇంద్రుడిని ఎంచుకుని తండ్రిని విడిచిపోతున్నాను అని. ఆ వెంటనే, అగ్ని, సోముడు, వరుణుడు జారిపోతున్నారు, రాజ్యం చేతులు మారింది అనే మాట వస్తుంది. ఇక్కడ ఎవర్నీ కోయలేదు, ఎవర్నీ మింగలేదు. పాత అసుర ప్రభువు కొలువు నుంచి ఒక్కొక్కరే లేచి కొత్త రాజు వైపు నడిచారు. అధికారం నిజంగా మారేది చాలాసార్లు ఇలాగే గదా అనిపిస్తుంది.

తండ్రీకొడుకుల పోరు అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ప్రహ్లాదుడు. అది సృష్టి కథ కాదు, పైగా దాని పోకడే వేరు. కొడుకు ఆయుధం పట్టడు, గద్దె అడగడు. తండ్రిని చంపింది నరసింహుడు, రాజ్యం దక్కింది కొడుక్కి. రాజ్యం అందుకునే ముందు ప్రహ్లాదుడు తండ్రి పాపాన్ని క్షమించమని వేడుకుంటాడు. నీ వంశంలో ఇరవైయొక్క తరాలు పవిత్రమయ్యాయని భాగవతం సమాధానమిస్తుంది. తండ్రి రక్తం కొడుకు చేతికి అంటకుండా గద్దె మార్చడానికి ఎంచుకున్న ఏర్పాటు అది.

అస్సిరియా దిద్దిన పలకలు

దేవతల తరాల వరస ఊరి రాజకీయాన్ని బట్టి మారుతుందనడానికి గట్టి రుజువు బాబిలోన్‌కు ఉత్తరాన ఉన్న అస్సిరియా నుంచే దొరుకుతుంది. క్రీ.పూ. 689లో అస్సిరియా రాజు సెన్నాకెరిబ్ బాబిలోన్‌ను నేలమట్టం చేశాడు. బాబిలోన్ ఓడింది, కానీ దాని కావ్యం మీద మోజు పోలేదు. ఆ కాలానివిగా పండితులు చూసే అస్సిరియా ప్రతుల్లో మార్దుక్ పేరు తీసేసి తమ దేవుడు అష్షూర్‌ను పెట్టారు. అందుకోసం అష్షూర్‌ను కావ్యంలోని అన్షార్‌తో ఒకటి చేశారు. దాంతో వంశవృక్షం తలకిందులైంది. బాబిలోన్ ప్రతిలో అన్షార్ మార్దుక్‌కు ముత్తాత, యుద్ధానికి కుర్రవాణ్ణి పంపిన పెద్దాయన. అస్సిరియా ప్రతిలో ఆ ముత్తాతే స్వయంగా యువవీరుడు. వీరుడి తల్లిదండ్రులుగా ఎయా, దమ్కినా ఉండాల్సిన చోట అన్షార్ కన్నవాళ్లైన లఖ్ము, లఖాము వచ్చారు. తరాల వరస తడబడినా లేఖకులు లెక్కచేయలేదు. గద్దె మీద ఎవరున్నారన్నదే వాళ్లకు ముఖ్యం.

సెన్నాకెరిబ్ తన గద్దె విషయంలో కూడా వరస మార్చాడు. పెద్ద కొడుకులను పక్కనపెట్టి చిన్నవాడైన ఎసర్‌హద్దోన్‌ను వారసుడిగా ప్రకటించి, అందరి చేతా ప్రమాణం చేయించాడు. క్రీ.పూ. 681లో అర్దా ములిస్సు అనే పెద్ద కొడుకు కుట్ర చేసి తండ్రిని చంపించాడు. చిన్నవాడు సైన్యంతో వచ్చి అన్నలను తరిమి రాజయ్యాడు. రాజయ్యాక తండ్రి కూల్చిన బాబిలోన్‌ను, అందులోని మార్దుక్ గుడిని తిరిగి కట్టించడం మొదలుపెట్టాడు.